ఫ్యోదర్ షల్యాపిన్: రష్యన్ బాస్ గాయకుడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

షల్యాపిన్ ఎవరు?

1873లో పుట్టి 1938లో చనిపోయిన రష్యన్ ఒపేరా గాయకుడు. ఒపేరా అంటే మాటలన్నీ పాటగా సాగే నాటకం. మగగొంతుల్లో అన్నిటికన్నా కింది స్థాయిదైన బాస్ గొంతు అతనిది. ఒపేరా ప్రపంచంలో పేరూ డబ్బూ ఎక్కువగా సోప్రానోలకీ (ఆడవాళ్లలో పై గొంతు) టెనర్లకీ (మగవాళ్లలో పై గొంతు) దక్కే రోజుల్లో, ఒక బాస్ గాయకుడి పేరు చూసి జనం టిక్కెట్లు కొన్నారంటే అది షల్యాపిన్ వల్లే. అతనికి ముందు గొప్ప గొంతులు లేవని కాదు. కానీ గొంతు ఉంటే చాలు, నటన ఎలా ఉన్నా సర్దుకోవచ్చు అనుకునే కాలంలో, పాడే ప్రతి మాటా పాత్ర నోటి నుంచి వస్తున్నట్టే ఉండాలని పట్టుబట్టినవాడు అతను. ఈ పేజీ అంతా ఆ పట్టుదల గురించే.

బాస్ అంటే ఏమిటి? బాస్‌లకి ఎలాంటి పాత్రలు వస్తాయి?

పియానో మధ్యలో ఉండే సి స్వరానికి కింద ఒకటిన్నర స్థాయికి పైగా, పైన మూడు నాలుగు మెట్ల దాకా బాస్ గొంతు పలుకుతుంది. రాజులు, మతగురువులు, ముసలి తండ్రులు, దయ్యాలు, కొన్ని హాస్య పాత్రలు వీళ్లవి. ప్రేమకథలో హీరో దాదాపు ఎప్పుడూ టెనరే. బాస్ గొంతు ఆలస్యంగా పండుతుంది. ముప్ఫై దాటాక గానీ నిండుదనం రాదని ఉపాధ్యాయులు చెబుతారు. షల్యాపిన్ మాత్రం పాతికేళ్లకే రష్యన్ జార్ బోరిస్ గొదునోవ్ లాంటి బరువైన పాత్ర పాడేశాడు.

మైకు లేకుండా అంత పెద్ద హాల్లో గొంతు ఎలా వినపడుతుంది?

మైకులు రాకముందు మన పద్యనాటక నటులు చివరి వరుస దాకా రాగం అందించేవాళ్లు. ఒపేరా గాయకుడికి దాంతోపాటు ఇంకో కష్టం ఉంది, ఎదురుగా అరవై డెబ్భై వాద్యాల ఆర్కెస్ట్రా ఉంటుంది. గట్టిగా అరిస్తే దాన్ని గెలవలేరు. ఆర్కెస్ట్రా ధ్వనిలో బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. శిక్షణ ఉన్న మగ గాయకుడు గొంతులోని ఖాళీని సర్దుకుని 2,500 నుంచి 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో తన ధ్వనిని పెంచుకుంటాడు. అక్కడ ఆర్కెస్ట్రా పోటీ తక్కువ కాబట్టి మెల్లగా పాడినా మాట వినపడుతుంది. షల్యాపిన్ రికార్డుల్లో గుసగుసలాంటి పంక్తులు కూడా స్పష్టంగా ఉండటానికి ఇది ఒక కారణం.

అతని గొంతు అందరికన్నా లోతైనదా?

కాదు. రష్యన్ చర్చి బృందాల్లో అతనికన్నా చాలా కిందికి పాడేవాళ్లు ఉండేవారు. షల్యాపిన్‌ది కాస్త పైకి వెళ్లే, సాగే గుణం ఉన్న బాస్. టెనర్‌కీ బాస్‌కీ మధ్య గొంతున్న బారిటోన్‌లు పాడే డీమన్ (రాక్షసుడు) పాత్ర కూడా పాడాడు. లోతు కోసం అతని రికార్డులు వినేవాళ్లు నిరాశపడొచ్చు. వినాల్సింది గొంతు రంగు మారే తీరు.

ఎక్కడ పుట్టాడు? చిన్నతనం ఎలా గడిచింది?

వోల్గా నది దగ్గరి కజాన్ నగరంలో. తల్లిదండ్రులు వ్యాత్కా ప్రాంతపు రైతు కుటుంబాలవాళ్లు. తండ్రి ఒక ఆఫీసులో చిన్న గుమాస్తా, తాగి వచ్చి ఇంట్లోవాళ్లని కొట్టేవాడు. పిల్లాడిని చెప్పులు కుట్టేవాడి దగ్గర పనిలో పెట్టారు, తర్వాత చెక్కపని నేర్చుకోమన్నారు. ఒక చోటా నిలవలేదు. చర్చి బృందంలో పాడటం, జాతరలో యాష్కా అనే విదూషకుడు జనాన్ని నవ్విస్తుంటే నోరు తెరుచుకుని చూడటం, ఇవే అతని సంగీత పాఠశాల, నాటక పాఠశాల. ఆ యాష్కాని అతను పెద్దయ్యాక కూడా ప్రేమగా తలచుకున్నాడు.

మొదటిసారి స్టేజి ఎప్పుడెక్కాడు?

1890లో, ఉఫా పట్టణంలో ఒక చిన్న ట్రూపులో చేరాడు. ఎవరో రాలేకపోతే మొన్యూష్కో రాసిన ఒపేరాలో ఒక పెద్దమనిషి పాత్ర ఇతనికి ఇచ్చారు. పాడుతూ వెనక్కి నడిచి కుర్చీలో కూర్చోబోతే కుర్చీ అక్కడ లేదు, ఎవరో పక్కకి జరిపేశారు. కింద పడ్డాడు, హాలంతా నవ్వింది. అయినా మిగతాది పూర్తిగా పాడాడు. ఆ తర్వాత ఎప్పుడు స్టేజి మీద కూర్చోబోయినా ఒకసారి వెనక్కి చూసుకునేవాడినని తనే రాసుకున్నాడు.

సంగీతం ఎవరు నేర్పారు?

ద్మీత్రి ఉసాతొవ్. ఒకప్పుడు మాస్కో బల్షోయ్ థియేటర్‌లో టెనర్, అప్పటికి తిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి జార్జియా రాజధాని తిబిలీసిలో, పాఠాలు చెప్పుకుంటున్నాడు. 1892లో షల్యాపిన్ అతని తలుపు తట్టాడు. అప్పటికి ట్రూపుల వెంట తిరిగి, తిండి లేక, చివరికి రైల్వే ఆఫీసులో లెక్కలు రాసుకుంటున్నాడు. ఉసాతొవ్ పైసా తీసుకోకుండా నేర్పాడు. పైగా భోజనం పెట్టాడు, బట్టలిచ్చాడు, బల్ల దగ్గర ఎలా కూర్చుని తినాలో కూడా చెప్పాడు. షల్యాపిన్‌కి గొంతు పరంగా ఉన్న గురువు ఈయన ఒక్కడే. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ సంగీతాన్ని గౌరవంగా వినడం నేర్పింది కూడా ఈయనే. అప్పట్లో చాలామందికి ముసోర్గ్‌స్కీ అంటే మొరటు సంగీతమనే అభిప్రాయం ఉండేది.

అంతలో మారీన్‌స్కీ థియేటర్‌లో అవకాశం వచ్చింది కదా, దాన్ని ఎందుకు వదులుకున్నాడు?

1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్ మారీన్‌స్కీలో చేరాడు, ఫ్రెంచ్ స్వరకర్త గూనో రాసిన ఫౌస్ట్ ఒపేరాలో మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం పాత్రతో మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్లవాడికి అది ప్రభుత్వోద్యోగం లాంటిది, జీతం గ్యారంటీ. కానీ అక్కడ పాత్ర గురించి కొత్తగా ఏమన్నా అడిగితే అధికారులకి నచ్చేది కాదు. వేషాలూ సెట్లూ గిడ్డంగి నుంచి వచ్చినవి, నటన ఇన్నేళ్లుగా ఎలా ఉందో అలాగే ఉండాలి.

1896 వేసవిలో నీజ్నీ నొవ్‌గొరద్ నగరంలో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనలో పాడటానికి వెళ్లినప్పుడు సవ్వా మామొంతొవ్ పరిచయమయ్యాడు. రైల్వేల్లో సంపాదించిన డబ్బుతో సొంత ఒపేరా నడుపుతున్న మనిషి. సెట్లు గీయడానికి అతను మామూలు థియేటర్ పెయింటర్లని కాక కొరోవిన్, వ్రూబెల్, వస్నెత్సోవ్ లాంటి పెద్ద చిత్రకారులని పెట్టుకున్నాడు. షల్యాపిన్‌ని తన దగ్గరికి రమ్మన్నాడు. ప్రభుత్వ థియేటర్‌కి కట్టాల్సిన జరిమానాలో కొంత భాగం తనే భరిస్తానన్నాడు. ఏం కావాలన్నా అడుగు, ఎలా చెయ్యాలనిపిస్తే అలా చెయ్యి అన్నాడు. ఒక కళాకారుడికి ఇంతకన్నా పెద్ద బహుమతి నాకు తెలీదు.

1896 నుంచి 1899 దాకా సాగిన ఈ మూడేళ్లే షల్యాపిన్‌ని తయారు చేశాయని నా నమ్మకం. ఇక్కడే రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఒపేరాలో రష్యన్ జార్ భయంకర ఇవాన్ (ఇవాన్ ది టెరిబుల్) పాత్ర వేశాడు. దాని రిహార్సల్ కథ తప్పక చెప్పాలి. ఇవాన్ మొదటిసారి గుమ్మంలోకి వచ్చి "లోపలికి రానా, వద్దా?" అని అడుగుతాడు. అంతే, ఒక చిన్న మాట. షల్యాపిన్ దాన్ని కపటంగా, వెటకారంగా పలికాడు. ఎంత ప్రయత్నించినా పాత్ర నిలబడలేదు, విసుగుతో పుస్తకం చించేసి వెళ్లి ఏడ్చాడు. మామొంతొవ్ వచ్చి చూసి, నీ ఇవాన్‌లో మోసగాడు ఉన్నాడు గానీ భయంకరుడు లేడు అన్నాడు. అప్పుడు అదే మాటని బరువుగా, బెదిరింపుగా పలికాడు. ఆ ఒక్క మాట స్వరం కుదరగానే మిగతా పాత్ర మొత్తం దాని వెనకే వచ్చేసిందని షల్యాపిన్ చెప్పుకున్నాడు. చిత్రకారులు గీసిన ఇవాన్ బొమ్మల ముందు గంటలకొద్దీ నిలబడి ముఖమూ చూపూ నేర్చుకున్నాడు. ఆఖరికి మేకప్ కూడా తనే వేసుకునేవాడు.

రఖ్మానినోవ్‌తో స్నేహం నిజమేనా?

నిజం. ఇద్దరూ 1873లోనే పుట్టారు. 1897లో స్వరకర్త, పియానో వాద్యకారుడు రఖ్మానినోవ్ మామొంతొవ్ ఒపేరాలో కండక్టర్‌గా, అంటే ఆర్కెస్ట్రాని నడిపించేవాడిగా, చేరాడు. షల్యాపిన్‌కి సంగీత సిద్ధాంతం పెద్దగా రాదని గమనించి కూర్చోబెట్టి నేర్పాడు. నీ పాత్ర పాట ఒక్కటే కాదు, ఒపేరాలోని ప్రతి పాత్ర పాటా నీకు రావాలని పట్టుబట్టాడు. 1898లో ఇటాలియన్ నర్తకి యోలా తోర్నాగితో షల్యాపిన్ పెళ్లి ఒక పల్లెటూరి చర్చిలో జరిగినప్పుడు రఖ్మానినోవ్ కూడా అక్కడ ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే స్నేహితులంతా బకెట్లూ పొయ్యి రేకులూ ఈలలూ పట్టుకుని కొత్త దంపతుల కిటికీ కింద గోల చేశారు. ఆ గోలని కండక్ట్ చేసింది కూడా రఖ్మానినోవే. నలభై ఏళ్లు గడిచాక, పారిస్‌లో షల్యాపిన్ చావుకి దగ్గరైనప్పుడు పరామర్శించడానికి వచ్చిన స్నేహితుడూ అతనే.

బోరిస్ గొదునోవ్ అనగానే షల్యాపిన్ పేరు ఎందుకు చెబుతారు?

ఇదే అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న, అసలు విషయం కూడా ఇదే.

బోరిస్ 1598 నుంచి 1605 వరకు రష్యాని ఏలిన జార్. సింహాసనం కోసం ద్మీత్రి అనే చిన్న రాకుమారుణ్ణి చంపించాడనే నింద అతని మీద ఉంది. నిజంగా చంపించాడా లేదా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. పుష్కిన్ నాటకమూ దాని మీద ముసోర్గ్‌స్కీ రాసిన ఒపేరా మాత్రం ఆ నేరాన్ని మోస్తున్న మనిషినే చూపిస్తాయి. విచిత్రం ఏమిటంటే, ఇంత పొడవైన ఒపేరాలో బోరిస్ కనిపించేది కొన్ని సన్నివేశాల్లోనే. ఆ కొద్దిసేపట్లోనే పట్టాభిషేకం నుంచి చావు దాకా మనిషి మొత్తం కనపడాలి.

1898 వేసవిలో షల్యాపిన్ ఈ పాత్ర మొదలుపెట్టాడు. సంగీతం రఖ్మానినోవ్‌తో కూర్చుని చదివాడు. చరిత్ర కోసం, దగ్గర్లోనే వేసవి గడుపుతున్న వసీలి క్ల్యుచెవ్‌స్కీ దగ్గరికి వెళ్లాడు. ఆ రోజుల్లో రష్యన్ చరిత్రకి ఆయన్ని మించిన ప్రొఫెసర్ లేడు. ఆ పెద్దాయన ఇతన్ని అడవి దారిలో నడిపిస్తూ బోరిస్ ఎలాంటివాడో, అతని పక్కనున్న మాయలమారి షూయ్‌స్కీ ఎలా మాట్లాడేవాడో కళ్లకు కట్టినట్టు నటించి చూపించాడు. ఈయన పాడగలిగితే షూయ్‌స్కీ వేషం ఈయనకే ఇచ్చేవాణ్ణి అని షల్యాపిన్ అనుకున్నాడు. ఆ డిసెంబర్‌లో మాస్కోలో మొదటిసారి బోరిస్ పాడాడు. అప్పటి నుంచి చివరిదాకా ఆ పాత్రని వదల్లేదు.

అతను ఏం చేశాడో చెప్పాలంటే గడియారం సన్నివేశం చెప్పాలి. రాత్రి, రాజు గది. యంత్రపు గడియారం కదులుతుంది, బోరిస్‌కి మూలలో చనిపోయిన పిల్లవాడు కనపడతాడు. ఇక్కడ పాట పాటలా ఉండదు. ఊపిరి తెగిపోతుంది, మాట సగంలో ఆగుతుంది, గొంతు పిల్లిలా కిందకి పాకి ఒక్కసారి అరుపవుతుంది. అయినా స్వరం తప్పదు, తాళం తప్పదు. చాలామంది తర్వాతి గాయకులు ఇక్కడ ఆ అరుపులని మాత్రమే అనుకరించారు, వాటి కింద ఉన్న కచ్చితమైన సంగీతాన్ని పట్టుకోలేకపోయారు. 1908లో రష్యన్ ప్రదర్శనల నిర్వాహకుడు దియాగిలెవ్ ఈ ఒపేరాని పారిస్‌కి తీసుకెళ్లినప్పుడు, డ్రెస్ రిహార్సల్ నాటికి సెట్లు సిద్ధం కాలేదు. షల్యాపిన్ మామూలు కోటులోనే, మేకప్ లేకుండా పాడాడు. అతను మూలకి చూసి వణికినప్పుడు, అక్కడేముందో చూడటానికి ప్రేక్షకుల్లో కొందరు లేచి నిలబడ్డారట. ఆ ప్రేక్షకులకి రష్యన్ భాష రాదు. నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఇటలీలో ఒక రష్యన్‌ని ఎలా ఒప్పుకున్నారు?

1901లో మిలాన్ నగరపు ఒపేరా థియేటర్ లా స్కాలా అతన్ని బోయితో రాసిన మెఫిస్తోఫెలె ఒపేరా కోసం పిలిచింది. కండక్టర్ తొస్కానిని, ఫౌస్ట్‌గా యువకుడైన ఇటాలియన్ టెనర్ కరూసో. ఇటాలియన్ ఒపేరాకి రష్యా నుంచి గాయకుణ్ణి తెప్పించడం చాలామందికి అవమానంగా తోచింది. అక్కడ డబ్బులు తీసుకుని చప్పట్లు కొట్టే ముఠా ఒకటి ఉండేది, ఇవ్వకపోతే ఈలలు వేసి పరువు తీస్తారు. షల్యాపిన్ ఇవ్వనన్నాడు. చప్పట్లు నేనెప్పుడూ కొనలేదు, కొనను అన్నాడు. మొదటి రాత్రి ప్రోలోగ్ అయ్యేసరికి హాలు దద్దరిల్లింది, ముఠా అవసరం రాలేదు.

అమెరికాలో మొదట ఫెయిలయ్యాడంటారు, ఎందుకు?

1907లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడాడు. మెఫిస్తోఫెలెగా ఒంటి మీద బట్ట తక్కువ వేసుకుని వచ్చాడు. బార్బర్ ఆఫ్ సెవిల్ అనే హాస్య ఒపేరాలో సంగీతం మాస్టారు బసీలియోని జిడ్డు చేతుల, మురికి గౌను పూజారిగా చూపించాడు. అక్కడి పత్రికలకి అది మొరటుగా కనిపించింది. గొంతు మెచ్చుకుని మనిషిని తిట్టాయి. అతను కోపంతో వెళ్లిపోయి చాలా ఏళ్లు రాలేదు. 1921లో బోరిస్‌తో తిరిగొచ్చాడు. ఈసారి అదే నగరం అతన్ని నెత్తిన పెట్టుకుంది, 1929 దాకా అక్కడ పాడాడు. మధ్యలో మారింది ప్రేక్షకులే, అతను తన పద్ధతి మార్చుకోలేదు.

గోర్కీకి ఏమవుతాడు?

స్నేహితుడు. 'అమ్మ' నవల ద్వారా తెలుగువాళ్లకి బాగా తెలిసిన ఆ గోర్కీయే. ఇద్దరూ వోల్గా ఒడ్డున పేదరికంలో పెరిగి సొంతంగా చదువుకున్నవాళ్లు. 1916లో క్రైమియాలో షల్యాపిన్ తన జీవితకథ చెబుతుంటే గోర్కీ దాన్ని దిద్ది పుస్తకరూపం ఇచ్చాడు.

ఈ స్నేహానికి పెద్ద దెబ్బ 1911లో తగిలింది. మారీన్‌స్కీలో బోరిస్ ప్రదర్శన, బాక్సులో జార్ నికొలస్ ఉన్నాడు. కోరస్ వాళ్లు తమ పెన్షన్ విన్నపం చెప్పుకోవడానికి హఠాత్తుగా స్టేజి మీద మోకరిల్లారు. మధ్యలో ఇరుక్కుపోయిన షల్యాపిన్ కూడా మోకాలి మీద కూర్చున్నాడు. విప్లవ పాటలు పాడే మనిషి జార్ ముందు మోకరిల్లాడని స్నేహితులు దుమ్మెత్తి పోశారు, మార్క్సిస్టు నాయకుడు ప్లెఖనొవ్ అయితే షల్యాపిన్ ఇచ్చిన ఫోటోని తిప్పి పంపేశాడు. గోర్కీ కూడా మొదట మండిపడ్డాడు, తర్వాత కాప్రి దీవిలో కలుసుకుని సర్దుకున్నారు. ఆ క్షణంలో అతనొక్కడే నిలువుగా నిలబడి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే, ఆ తిట్లు అన్యాయమనే నాకనిపిస్తుంది.

రష్యా ఎందుకు వదిలాడు?

విప్లవం తర్వాత 1918లో అతనికి ప్రజా కళాకారుడు అనే బిరుదు ఇచ్చారు. కానీ ఇల్లు సోదాలు, ఆస్తి పోవడం, తిండికి కరువు, పిల్లల గురించి భయం. పిండికీ బంగాళదుంపలకీ కచేరీలు చేసిన రోజులున్నాయి. 1922లో విదేశీ పర్యటనకని వెళ్లి తిరిగి రాలేదు. 1927లో పారిస్‌లో తిండిలేని రష్యన్ వలస పిల్లల కోసం ఒక చర్చి ఫాదర్‌కి 5,000 ఫ్రాంకులు ఇచ్చాడు. సోవియట్ ప్రభుత్వం దాన్ని శత్రువులకి సాయంగా లెక్కగట్టి బిరుదు తీసేసింది, తిరిగొచ్చే హక్కు లేకుండా చేసింది. ఆకలిగా ఉన్న పిల్లలకి పెట్టినందుకు ఇంత శిక్ష. బిరుదుని 1991లో తిరిగి ఇచ్చారు, అప్పటికి అతను పోయి యాభై ఏళ్లు దాటింది.

కుటుంబం?

యోలాతో ఆరుగురు పిల్లలు, పెద్దవాడు ఇగోర్ చిన్నప్పుడే చనిపోయాడు. ఆ దుఃఖం అతన్ని చాలాకాలం వదల్లేదు. తర్వాత మరియా పెట్సోల్ట్‌తో ముగ్గురు కూతుళ్లు. కొడుకు బోరిస్ చిత్రకారుడు, టైమ్ పత్రికకి ఎన్నో ముఖచిత్రాలు గీశాడు. ఇంకో కొడుకు ఫ్యోదర్ సినిమా నటుడయ్యాడు.

సినిమాల్లో చేశాడా?

చేశాడు. 1933లో ఆస్ట్రియన్ దర్శకుడు పాబ్స్ట్ తీసిన డాన్ కిహోటే. పాటలు ఫ్రెంచ్ స్వరకర్త ఇబేర్‌వి. అంతకుముందు 1910లో మాంటే కార్లోలో మాస్నే అదే కథతో ఒపేరా చేసినప్పుడు ఆ పాత్ర మొదట పాడింది కూడా ఇతనే. అతని నడక, చేతులు, కళ్లు కదులుతూ చూడాలంటే ఈ సినిమా తప్పక చూడండి.

షల్యాపిన్ స్టేక్ అంటే ఇతని పేరేనా?

అవును. 1936లో జపాన్ వెళ్లినప్పుడు పంటినొప్పితో మాంసం నమల్లేకపోతే, టోక్యో ఇంపీరియల్ హోటల్ వంటవాళ్లు మాంసాన్ని పలచగా కొట్టి, ఉల్లిపాయలో నానబెట్టి మెత్తగా వండిపెట్టారు. జపాన్‌లో ఇప్పటికీ చేస్తారు. వంటల యానిమే చూసే పిల్లలకి గాయకుడికన్నా ముందు ఈ వంటకమే తెలిసి ఉంటుంది.

ఎలా చనిపోయాడు?

లుకేమియాతో, 1938 ఏప్రిల్ 12న, పారిస్‌లో. అక్కడే బతిన్యోల్ శ్మశానంలో పూడ్చారు. 1984లో అవశేషాలని మాస్కోకి తెచ్చి నొవొదేవిచి శ్మశానంలో పెట్టారు. మాస్కోలో అతను ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కజాన్‌లో 1982 నుంచి అతని పేరుతో ఒపేరా ఉత్సవం జరుగుతోంది.

మొదట ఏం వినాలి?

1902 ప్రాంతపు తొలి రికార్డులతో మొదలుపెట్టకండి, గరగర ఎక్కువ. 1925 తర్వాత మైకుతో తీసినవి వినండి. నేరుగా బోరిస్‌కే వెళ్లమని నా సలహా. 1928లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ప్రదర్శన జరుగుతుండగానే రికార్డు చేసిన భాగాలున్నాయి. మిగతావాళ్లంతా ఇటాలియన్‌లో పాడుతుంటే ఇతను ఒక్కడే రష్యన్‌లో పాడతాడు, అయినా సన్నివేశం ఎక్కడా తెగదు. చావు సన్నివేశంలో "నేనింకా జార్‌నే" అని అరిచి, వెంటనే "క్షమించండి" అని తగ్గే చోట ఆగి మళ్లీ వినండి.

దాని తర్వాత బార్బర్ ఆఫ్ సెవిల్ నుంచి బసీలియో పాట. చిన్న గుసగుసగా మొదలైన పుకారు పిడుగులా పేలేదాకా గొంతు ఎలా పెరుగుతుందో తెలుస్తుంది. వోల్గా పడవలాగేవాళ్ల పాటలో దూరం నుంచి వచ్చి దూరమయ్యే మనుషులని వినొచ్చు. 1932లో పారిస్‌లోని రష్యన్ చర్చి బృందంతో పాడిన గ్రెచానినోవ్ ప్రార్థన కూడా ఉంది, భక్తి సంగీతం ఇష్టపడేవాళ్లు దానితోనే మొదలుపెట్టినా తప్పులేదు.

మొత్తం ఒపేరా చూడాలనిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. షల్యాపిన్ పాడింది రిమ్‌స్కీ-కోర్సకోవ్ మార్చి రాసిన బోరిస్. ఈ రోజుల్లో థియేటర్లు ఎక్కువగా ముసోర్గ్‌స్కీ సొంత రూపాన్నే వేస్తున్నాయి, కాబట్టి వాద్యాల ధ్వని వేరుగా అనిపిస్తే కంగారు పడకండి.